గోళ్ల జబ్బులు: కనిపించేది ఒకచోట, కారణం మరోచోట

వేలి చివర కనిపించే గోరు ప్రాణం లేని పదార్థం. జుట్టులోనూ చర్మం పైపొరలోనూ ఉండే కెరాటిన్ అనే మాంసకృత్తే పలుచని పొరలుగా అతుక్కుని, గట్టిపడి గోటి పలకగా మారుతుంది. కత్తిరించినప్పుడు నొప్పి పుట్టకపోవడానికీ, రక్తం రాకపోవడానికీ కారణం ఇదే. ప్రాణమున్న భాగమంతా ఆ పలక చుట్టూ, కిందా ఉంటుంది. పలకను తయారుచేసే గోటి మూలం వేలి వెనుకవైపు చర్మం కింద దాగి ఉంటుంది. బొటనవేలి గోటి మొదట్లో తెల్లగా కనిపించే నెలవంక ఆ మూలానికి ముందు అంచు మాత్రమే. పలకను కింది నుంచి అంటిపెట్టుకుని గులాబి రంగు చర్మం, పక్కలా వెనుకా పట్టి ఉంచుతూ చర్మపు మడత ఉంటాయి. ఆ మడతకూ పలకకూ నడుమ సందు లేకుండా క్యూటికల్ అనే సన్నని పొర మూసి ఉంచుతుంది.

గోటికి వచ్చే జబ్బు ఏదైనా ఈ భాగాల్లో ఒకదానిలో మొదలై పలక మీద బయటపడుతుంది. మూలం దెబ్బతింటే పలక మీద గుంటలు, అడ్డగాడులు, నిలువు చారలు వస్తాయి. కింది చర్మం దెబ్బతింటే పలక పైకి లేస్తుంది, లేదా దాని అడుగున పొట్టు పేరుకుని దళసరి అవుతుంది. మడత దెబ్బతింటే వాపు, సలుపు, చీము. పైన ఏ పూత పూసినా, ఏ నూనె రాసినా అది చాలావరకు ప్రాణం లేని పలక మీదే ఆగిపోతుందన్న సంగతి ఇందులోనే ఉంది. గోటి వైద్యానికి పట్టే కాలం కూడా ఇక్కడే తేలుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాలి గోరు అందులో సగమే. చేతి గోరు మొదటి నుంచి చివరి దాకా కొత్తగా రావడానికి 6 నెలలు, కాలి బొటనవేలి గోటికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. మందు పనిచేసి జబ్బు పోయిన తర్వాత కూడా చెడిన పలక అన్ని నెలలూ వేలినే అంటిపెట్టుకుని ఉంటుంది. మందు పనిచేయలేదని మధ్యలో మానేసేవారిలో చాలామంది ఈ లెక్క తెలియక మానేసినవారే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బతుకుతెరువులు చేతుల్నీ కాళ్లనీ తడిలోనో, దెబ్బలోనో పెట్టేవి. పెన్నా డెల్టాలో వరినాట్ల బురద, తీరం పొడవునా రొయ్యల చెరువులు, రొయ్యల తలలు తీసే, పొట్టు ఒలిచే ప్రాసెసింగ్ యూనిట్లు, ఇసకపల్లి వైపు ఉప్పు కొటార్లు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, కందుకూరు, పొదిలి ప్రాంతాల్లో పొగాకు ఆరబెట్టే బ్యారన్లు. ఇన్ని రకాల పనులున్న చోట గోటి జబ్బులు కూడా అన్ని రకాలుగా ఉంటాయి. కానీ వాటికి ఇళ్లలోనూ మందుల షాపుల్లోనూ వినిపించే వివరణలు రెండే: క్యాల్షియం తగ్గిందనేది ఒకటి, ఫంగస్ పట్టిందనేది రెండోది. మొదటిది దాదాపు ఎప్పుడూ తప్పు. రెండోది సగం సార్లు తప్పు.

ఆ సగం ఎలా వచ్చిందో చూడాలి. రూపం చెడిన గోళ్లన్నింటిలో ఫంగస్ వల్ల చెడినవి సుమారు సగం ఉంటాయని చర్మవైద్యులు అంచనా వేస్తారు. అంటే ఒక్కటిగా చూస్తే ఇంతకు మించిన గోటి జబ్బు లేదు. అయినా దళసరిగా, పసుపుగా మారిన ప్రతి రెండో గోటికి ఫంగస్ మందు అనవసరం. ఒనికోమైకోసిస్ అని వైద్యులు పిలిచే ఈ జబ్బు ఎక్కువగా కాలి బొటనవేలి గోటి చివరి అంచున, ఒక మూల నుంచి మొదలవుతుంది. అక్కడ పలక రంగు పసుపుగానో గోధుమగానో మారి, కింద పిండిలాంటి పొట్టు చేరి, గోరు అడుగు వదులై పుచ్చిపోయినట్టు అవుతుంది. ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే శిలీంధ్రం దీనికి ప్రధాన కారణం. అది గోటిలో పుట్టదు. వేళ్ల సందుల్లో నాని పాచిపోయిన చర్మం నుంచి, అరికాలి పొలుసుల నుంచి గోటి కిందికి పాకుతుంది. కాలివేళ్ల సందులు నెలల తరబడి తెల్లగా పాచి దురద పెడుతుంటే పట్టించుకోని మనిషి, గోరు చెడిన తర్వాత మాత్రమే వైద్యుడి దగ్గరకు వెళ్లడం మామూలు.

వయసు పైబడటం, మధుమేహం, కాళ్లకు రక్తప్రసరణ తగ్గడం, పాత దెబ్బలు ఈ ఫంగస్‌కు దారి వేస్తాయి. చెరువు గట్ల మీద పనిచేసేవారు వేసుకునే గమ్‌బూట్లు బయటి నీటిని ఆపుతాయి గానీ లోపలి చెమటను పోనివ్వవు; వాటిని రోజూ తిరగేసి ఆరబెట్టకపోతే కాలికి రక్షణగా తొడిగినదే ఫంగస్‌కు ఆసరా అవుతుంది. మామూలుగా చివరి అంచు నుంచి లోపలికి వెళ్లే ఈ జబ్బు, అందుకు భిన్నంగా నెలవంక దగ్గర తెల్లగా మొదలై ముందుకు వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో, ముఖ్యంగా హెచ్ఐవీ ఉన్నవారిలో కనిపించే రూపం అది.

నిర్ధారణ కష్టమైన పని కాదు. గోటి కింద, చెడిన భాగం మంచి భాగాన్ని కలిసే చోటి నుంచి పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి మైక్రోస్కోప్ కింద చూస్తే శిలీంధ్రపు పోగులు కనిపిస్తాయి. అదే పొట్టును కల్చర్‌కు పెడితే, అంటే ల్యాబ్‌లో పెంచి చూస్తే ఏ జాతి శిలీంధ్రమో తెలుస్తుంది, కాకపోతే మూడు నాలుగు వారాలు ఆగాలి. కత్తిరించిన గోటి ముక్కను ప్రత్యేక రంగు వేసి పరీక్షించే పద్ధతి మరింత నమ్మకమైనది. ఇంత తేలికైన పరీక్ష ఉండగా, మూడు నెలలు మింగాల్సిన మాత్రలు చూపుతోనే రాసివ్వడం, అడగ్గానే అమ్మడం ఈ జబ్బు విషయంలో జరుగుతున్న పెద్ద పొరపాటు. పరీక్షలో ఒకసారి కనిపించనంత మాత్రాన ఫంగస్ లేదని తేల్చడం కూడా పొరపాటే. పైపైన గీకిన నమూనా చాలాసార్లు ఖాళీగా వస్తుంది.

ఫంగస్ అని తేలితే ఎక్కువగా వాడేది టెర్బినఫిన్ అనే మాత్ర. పెద్దవారికి మామూలు మోతాదు రోజుకు 250 మిల్లీగ్రాములు. చేతి గోళ్లకు 6 వారాలు, కాలి గోళ్లకు 12 వారాలు. ఇట్రాకొనజోల్‌ను నెలకు ఒక వారం చొప్పున, చేతి గోళ్లకు రెండు నెలలు, కాలి గోళ్లకు మూడు నెలలు ఇస్తారు. రెండూ కాలేయం ద్వారా పోయే మందులే కనుక ముందుగా కాలేయ పరీక్ష చేయించడం అవసరం. సారా అలవాటున్నవారికీ, పచ్చకామెర్లు వచ్చి తగ్గినవారికీ ఇది మరీ ముఖ్యం. గుండె బలహీనపడి పంపింగ్ తగ్గినవారికి ఇట్రాకొనజోల్ ఇవ్వకూడదు, కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని మాత్రలతో దాన్ని కలపకూడదు. జబ్బు గోటి చివరి భాగానికే పరిమితమై, ఒకటి రెండు వేళ్లకు మించనప్పుడు 5 శాతం అమొరోల్ఫిన్, 8 శాతం సైక్లోపిరోక్స్ వంటి గోటికి పూసే లక్కలు కొంత పనిచేస్తాయి. అయితే వాటిని చాలా నెలలు విడవకుండా వాడాలి.

ఇలాంటి ఫంగసే చర్మానికి పట్టి వచ్చే తామర గత దశాబ్దంగా దేశమంతటా మొండికేస్తోంది. స్టెరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు మూడూ ఒకే ట్యూబులో కలిపిన క్రీములను చీటీ లేకుండా కొనుక్కుని రాయడం అందుకు ఒక కారణమని చర్మవైద్యులు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. దురద మర్నాటికే తగ్గుతుంది, ఫంగస్ మాత్రం స్టెరాయిడ్ నీడలో విస్తరిస్తుంది. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన జాతి టెర్బినఫిన్‌కు లొంగకపోవడం తరచుగా కనిపిస్తోంది. ఒంటి మీది తామర మాటిమాటికీ తిరగబెడుతుంటే గోళ్లను కూడా చూడాలి. గోకినప్పుడు గోటి కిందికి చేరిన శిలీంధ్రం, చర్మం మీది మచ్చ మానిన తర్వాత కూడా అక్కడే ఉండి మళ్లీ బయలుదేరుతుంది.

ఫంగస్ కాని మిగతా సగంలో సోరియాసిస్‌ది పెద్ద వాటా. సోరియాసిస్ ఉన్నవారిలో సుమారు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు గోళ్లలో మార్పు వస్తుంది. పలక మీద గుండుసూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు, కింద నూనె చుక్క ఇంకినట్టు పసుపు ఎరుపు కలిసిన మచ్చ, చివర గోరు లేవడం దీని గుర్తులు. తలలో పొలుసులు, మోచేతుల మీద తెల్లని పొట్టు, పొద్దున్నే వేళ్ల కీళ్లు బిగుసుకుపోవడం వీటితో పాటు ఉంటే అనుమానం బలపడుతుంది. కీళ్లను పట్టే సోరియాసిస్‌లో గోటి మార్పులు మరీ ఎక్కువ గనుక, గోళ్ల గుంటలు కొన్నిసార్లు రాబోయే కీళ్లనొప్పులకు ముందస్తు సూచన. లైకెన్ ప్లానస్ అనే మరో చర్మవ్యాధి ఇంతకన్నా అరుదు, కానీ అందులో ఆలస్యానికి మూల్యం ఎక్కువ. పలక పలుచబడి, నిలువునా చీలి, వెనుక మడత చర్మం గోటి మీదికి పెరిగి అతుక్కుపోతుంది. మూలం ఒకసారి మచ్చకట్టిందంటే ఆ వేలికి ఇక గోరు రాదు. దీన్ని ఫంగస్ అనుకుని ఏడాది గడపడం కోలుకోలేని నష్టం.

ఇక తడి పనుల జబ్బు గోరుచుట్టు. ఇందులో రెండు రకాలున్నాయి, రెండింటి వైద్యమూ వేరు. ఉన్నట్టుండి వచ్చేది మొదటిది. ముల్లు గుచ్చుకున్నా, గోటి పక్కన లేచిన తోలు పీకినా, గోళ్లు కొరికినా ఆ గీతలోంచి స్టెఫిలోకాకస్ వంటి బ్యాక్టీరియా ప్రవేశిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మడత ఎర్రబడి ఉబ్బి, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని సలుపు మొదలవుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటన్న సామెత పుట్టిందంటే ఆ బాధ ఎంతటిదో ఊహించవచ్చు. చీము పట్టకముందు గోరువెచ్చని నీటిలో రోజుకు మూడు నాలుగుసార్లు వేలు ముంచి ఉంచితే చాలాసార్లు తగ్గుతుంది, అవసరమైతే యాంటీబయోటిక్ ఇస్తారు. చీము చేరితే మాత్రం దాన్ని బయటికి తీయడమే వైద్యం. మాత్రలతో చీము ఆరిపోదు.

నిమ్మకాయకు బెజ్జం పెట్టి వేలికి తొడగడం ఈ ప్రాంతంలో తరాలుగా ఉన్న వాడుక. గూడూరు, పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటలు విస్తారంగా ఉన్నాయి గనుక మందు పెరట్లోనే దొరుకుతుంది. చల్లగా, తడిగా వేలిని చుట్టి ఉంచడం వల్ల కాసేపు హాయిగా అనిపించడం నిజం. బయటి తాకిడి నుంచి కాపాడుతుందన్నదీ నిజం. కానీ పుల్లని రసం చిట్లిన చర్మాన్ని మండించి ఇంకా పాడుచేస్తుంది, లోపలి చీముకు దారి ఇవ్వదు. చక్కెర జబ్బు ఉన్నవారు నిమ్మకాయ తొడుక్కుని రెండు రోజులు వేచి చూస్తే ఆ రెండు రోజుల్లో చీము ఎముక దాకా దిగే ప్రమాదం ఉంది. గోటి దగ్గర చిన్న నీటిపొక్కులు గుత్తిగా వచ్చి విపరీతంగా మండుతుంటే అది హెర్పిస్ వైరస్ పని కావచ్చు. దాన్ని చీముగడ్డ అనుకుని కోయకూడదు.

రెండో రకం ఆరు వారాలకు మించి సాగే దీర్ఘకాలిక గోరుచుట్టు. ప్రాసెసింగ్ యూనిట్లలో ఐసు నీళ్లలో, క్లోరిన్ కలిపిన నీళ్లలో గంటల తరబడి రొయ్యలు ఒలిచే స్త్రీలు, హోటళ్లలో అంట్లు తోమేవారు, చంటిబిడ్డల గుడ్డలు ఉతికే తల్లులు దీని బారిన పడతారు. చేతులు అస్తమానం నానుతూ ఆరుతూ ఉండటంతో క్యూటికల్ కరిగిపోతుంది. మూసి ఉండాల్సిన సందు తెరుచుకుంటుంది, సబ్బూ ఉప్పూ చేపజిగురూ అందులోకి దిగి చర్మాన్ని రేపుతుంటాయి. మడత మొద్దుగా ఉబ్బి ఉంటుంది, నొప్పి ఎక్కువగా ఉండదు, పలక పక్కలు గరుకై రంగు మారతాయి. ఆ సందులో కాండిడా అనే శిలీంధ్రం కూడా కనిపిస్తుంది కాబట్టి చాలాకాలం దీన్ని ఫంగస్ జబ్బుగానే చూశారు. ఇప్పుడు దీన్ని ప్రధానంగా తడి వల్ల, రసాయనాల వల్ల రేగిన చర్మపు వాపుగా భావిస్తున్నారు. వైద్యుడి పర్యవేక్షణలో కొద్దికాలం మడత మీద రాసే స్టెరాయిడ్ పూత ఫంగస్ మాత్రల కంటే మేలు చేస్తుందని తేలడమే అందుకు ఆధారం. ఒంటి మీది తామరకు హాని చేసే స్టెరాయిడే ఇక్కడ మందు కావడం వింతగా తోచవచ్చు. జబ్బు పేరు తెలియకుండా ట్యూబు కొనకూడదనడం అందుకే.

పూత ఏదైనా తడి ఆగకపోతే జబ్బు ఆగదు, పని మానితే ఇల్లు గడవదు. వైద్య సలహాలు చాలావరకు ఈ చిక్కు దగ్గరే తేలిపోతాయి. ఆచరణకు వీలైనవి కొన్ని ఉన్నాయి: రబ్బరు చేతితొడుగుల లోపల పల్చని నూలు తొడుగు వేసుకోవడం, అది చెమటకు తడిస్తే మార్చుకోవడం, పని అయ్యాక చేతులు కడిగి మడతల దాకా ఆరేలా తుడిచి కొబ్బరినూనెగానీ వాజలైన్‌గానీ రాయడం, క్యూటికల్‌ను ఎప్పుడూ కత్తిరించకపోవడం. చిరిగిన తొడుగు అసలు తొడుగు లేకపోవడం కన్నా హాని. నీరు లోపలికి వెళ్లి బయటికి రాదు. చేతితొడుగులు, వాటిని మార్చుకునే వ్యవధి ఇవ్వాల్సింది పని చేయించేవారే గనుక ఈ జబ్బు నివారణ సగం యాజమాన్యాల చేతిలో ఉంది.

రొయ్య కొమ్ము గుచ్చుకున్నా, చేప ముల్లు దిగినా వచ్చే వాపులన్నీ గోరుచుట్టు కావు. వేలు ఊదారంగుకు తిరిగి మంటతో మెల్లగా పాకితే ఎరిసిపెలాయిడ్ అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు, అది పెన్సిలిన్ జాతి మందులకు లొంగుతుంది. వారాల తరబడి మానని గడ్డలు వేలి నుంచి చేయి మీదికి వరుసగా లేస్తుంటే నీటిలో ఉండే మైకోబ్యాక్టీరియం మారినమ్ అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. ఉప్పునీటి చెరువులో గాయమైన గంటల్లోనే వాపు, జ్వరం, నల్లని పొక్కులు వస్తే విబ్రియో అనే బ్యాక్టీరియా సోకి ఉండవచ్చు. కాలేయ జబ్బు, మధుమేహం ఉన్నవారిలో ప్రాణాపాయం ఉంటుంది కనుక వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. తడి వల్లే వచ్చే మరొక మార్పు గోరు ఆకుపచ్చబడటం. లేచిన గోటి కింద సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరి తన రంగును పూస్తుంది. లేచిన భాగాన్ని కత్తిరించి, వేలిని పొడిగా ఉంచి, నీళ్లు కలిపిన వెనిగర్‌తో తుడిస్తే చాలావరకు పోతుంది.

దెబ్బల వల్ల వచ్చేవి గుర్తుపట్టడానికి తేలిక. క్వారీలో రాయి పడితే, తలుపు సందులో వేలు నలిగితే గోటి కింద రక్తం చేరి నల్లబడుతుంది, బిగుతుకు భరించలేని పోటు పుడుతుంది. ఒకటి రెండు రోజుల్లోపు వైద్యుడు పలకకు చిన్న రంధ్రం చేసి రక్తం వదిలితే క్షణాల్లో ఊరట దొరుకుతుంది. గోరు సగానికి మించి నల్లబడినా, వేలు వంగకపోయినా ఎముక విరిగిందేమో ఎక్స్‌రే తీయించాలి. కాలి బొటనవేలి గోటి మూల కండలోకి దిగడానికి ఎక్కువగా గోరు కత్తిరించే తీరే కారణం. మూలలు గుండ్రంగా లోతుగా తీసినకొద్దీ మిగిలిన చిన్న మొన కండలోకి దూసుకుపోతుంది, ఇరుకు బూటు దాన్ని ఇంకా నొక్కుతుంది. అడ్డంగా తిన్నగా, వేలి చివరతో సమానంగా కత్తిరించడం నివారణ; మొదటి దశలో మూల కింద దూది వత్తి పెట్టి ఎత్తి ఉంచవచ్చు. చీము పట్టినా, పుండు మీద కండ పెరిగినా గోటి పక్క భాగాన్ని తీసి, ఆ మూలాన్ని ఫినాల్‌తో కాల్చే చిన్న శస్త్రచికిత్స మంచి ఫలితమిస్తుంది. గోరంతా ఊడబీకడం పాత పద్ధతి, మూలం అలాగే ఉంటుంది కాబట్టి జబ్బు మళ్లీ వస్తుంది. వంగి కత్తిరించుకోలేని వృద్ధుల కాలి గోరు దళసరెక్కి పొట్టేలు కొమ్ములా మెలితిరగడం కూడా ఒక జబ్బే. చూపించడానికి సిగ్గుపడి ఏళ్ల తరబడి దాన్ని గుడ్డతో చుట్టి తిరిగేవారు ఉంటారు.

నల్లదనం విషయంలో మాత్రం కొంత ఆగి ఆలోచించాలి. పొగాకు ఆకు కోసే, కర్రలకు కట్టే చేతులకు అంటే నల్లని జిగురు, గోరింటాకు ఎరుపు, పసుపు కొమ్ముల రంగు పలక పైపూతలు. గీకితే పోతాయి, లేదా గోటితో పాటు పెరిగి పోతాయి. ఛామనఛాయ, నలుపు చర్మం ఉన్నవారిలో వయసుతో పాటు పలు వేళ్ల గోళ్లపై నిలువుగా గోధుమ చారలు రావడం సహజం. బి12 విటమిన్ లోపం, కొన్ని మందులు కూడా గోళ్లను నల్లబరుస్తాయి. ఒకే ఒక్క గోటి మీద, ముఖ్యంగా చేతి లేదా కాలి బొటనవేలిపై, నడివయసు తర్వాత కొత్తగా వచ్చిన చార నెలనెలా వెడల్పవుతుంటే, రంగు ఒకేలా లేకపోతే, నలుపు గోరు దాటి చుట్టూ ఉన్న చర్మం మీదికి పాకితే మెలనోమా అనే క్యాన్సర్‌ను అనుమానించి ముక్క పరీక్ష చేయించాలి. అది అరుదైన క్యాన్సరే. కానీ నల్లచర్మం వారిలో వచ్చే మెలనోమాలో గోళ్లు, అరికాళ్లు, అరచేతుల వాటా ఎక్కువ. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడినది ఈ జబ్బే. దానితోనే 1981లో, 36 ఏళ్లకు మరణించాడు. దెబ్బ తాలూకు రక్తమో కాదో తేల్చుకోవడానికి సులువైన దారి ఒకటుంది: నెలకొక ఫోటో తీసి పెట్టుకుంటే, రక్తపు మరక గోటితో పాటు ముందుకు జరిగి దాని వెనుక తెల్లని గోరు కనిపిస్తుంది. జరగనిది రక్తం కాదు.

ఒంట్లోని జబ్బును గోరు చూపించడం గురించి ఉన్నదానికంటే ఎక్కువ చెప్పుకుంటారు. తెల్లమచ్చల సంగతే తీసుకుంటే, కొంగల బారు ఎగురుతున్నప్పుడు పిల్లలు గోళ్లు రుద్దుకుంటూ పూలు అడిగే ఆట ఉంది, ఆ పూలు పూస్తే కొత్తబట్టలు వస్తాయన్న నమ్మకమూ ఉంది. పెద్దల నమ్మకం క్యాల్షియం లోపం. పిల్లల నమ్మకమే నయం, దానికి మందుల ఖర్చు లేదు. ఆ మచ్చలు గోటి మూలానికి కొన్ని వారాల ముందు తగిలిన చిన్న చిన్న దెబ్బల గుర్తులు, గోటితో పాటు పెరిగి కత్తెరలో పోతాయి.

రక్తహీనత అలా కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనతతో ఉన్నారు. ఇనుము చాలాకాలం తగ్గితే గోళ్లు పలుచబడి, పెళుసై, చివరికి గరిటెలా గుంటపడతాయి. నీటిచుక్క వేస్తే జారకుండా నిలుస్తుంది. చంటిపిల్లల కాలి గోళ్లలో ఈ గుంట సహజం, పెద్దవారి చేతిగోళ్లలో మాత్రం హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. వేలి చివర ఉబ్బి, గోరు చిలకముక్కులా వంగడాన్ని క్లబ్బింగ్ అంటారు. రెండు చేతుల ఒకే వేళ్ల గోళ్లను ఎదురెదురుగా ఆనించినప్పుడు వాటి మొదళ్ల మధ్య వజ్రపు ఆకారంలో చిన్న సందు కనిపించాలి. లేకపోతే క్లబ్బింగ్ ఉన్నట్టే. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్‌రాత్ తనకు గుండె ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు తన వేళ్ల మీదే గమనించి 1976లో ప్రకటించిన పరీక్ష ఇది. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవారిలో ఇది కొత్తగా వస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందు తోసిపుచ్చాలి. ఊపిరితిత్తుల్లో దీర్ఘకాలంగా చీము ఉండటం, పుట్టుకతో వచ్చే కొన్ని గుండె జబ్బులు, కాలేయ జబ్బులు ఇతర కారణాలు.

మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో గోరు మొదటి సగం తెల్లగా, చివరి సగం గోధుమ ఎరుపుగా మారడం డయాలసిస్ గదుల్లో కనిపించే దృశ్యం. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ల గురించీ కిడ్నీ జబ్బుల గురించీ ఉన్న భయాల వల్ల గోళ్లు చూసుకుని కలతపడేవారికి ఒక మాట చెప్పాలి. గోరు రెండు రంగులుగా మారేసరికి కిడ్నీ జబ్బు చాలా దూరం వచ్చి ఉంటుంది. ముందుగా పట్టించేవి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలే. ఫ్లోరైడ్ కూడా పళ్ల మీద, ఎముకల్లో బయటపడుతుంది. కత్తిరించిన గోళ్లలో దాన్ని ప్రయోగశాలలో కొలవవచ్చు గానీ కంటితో చూసి చెప్పలేరు.

అన్ని గోళ్ల మీదా ఒకే ఎత్తున అడ్డంగా గాడి పడితే దానికి తేదీ ఉంటుంది. 1846లో ఫ్రెంచ్ వైద్యుడు బో వర్ణించిన ఈ గాడులు, టైఫాయిడ్, డెంగీ, కోవిడ్ వంటి గట్టి జ్వరాల్లో మూలం కొన్నాళ్లు పని ఆపిన గుర్తులు. గాడి మడత నుంచి 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే జబ్బు వచ్చి సుమారు రెండు నెలలైందని లెక్క. చేతులు, కాళ్లు, నోటిలో పొక్కులు వచ్చే వైరస్ జబ్బు తగ్గిన నెలా రెండు నెలలకు పిల్లల గోళ్లు మొదట్లోంచి ఊడి వస్తే తల్లిదండ్రులు హడలిపోతారు. కొత్తవి వాటంతటవే వస్తాయి, మందు అక్కర్లేదు.

గోళ్లు పొరలుగా విరిగిపోవడానికి మాటిమాటికీ నానడం, ఆరడం, గోళ్లరంగు చెరిపే అసిటోన్ ముఖ్య కారణాలు. కొందరిలో థైరాయిడ్ లోపం ఉంటుంది. వీటికి బయోటిన్ అనే విటమిన్ మాత్రలు విరివిగా అమ్ముడవుతున్నాయి. వాటి ఉపయోగానికి ఆధారాలు స్వల్పం, నష్టం మాత్రం ఒకటి రుజువైంది. పెద్ద మోతాదు బయోటిన్ రక్తంలో ఉంటే థైరాయిడ్ పరీక్షలూ, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షా తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. రక్తపరీక్షకు ముందు ఆ మాత్రల సంగతి ల్యాబ్‌లో చెప్పాలి.

మధుమేహంతో కాళ్ల స్పర్శ తగ్గినవారు గోళ్లను సొంతంగా బ్లేడుతో తీయడం, మూలలు తవ్వడం పూర్తిగా మానుకోవాలి. తెగినట్టు తెలియని గాయం పుండై, వేలు తీసేసే దాకా వెళ్లిన సందర్భాలు మధుమేహ వైద్యంలో కొత్త కాదు. స్నానం తర్వాత గోరు మెత్తబడినప్పుడు, మంచి వెలుతురులో, కళ్లు బాగా కనిపించే ఇంటివారి చేత కత్తిరించుకోవడం మేలు. చీకటి పడ్డాక గోళ్లు తీయకూడదన్న పాత కట్టడి దీపపు వెలుగు రోజుల్లో ఈ భయం నుంచే పుట్టిందేమో.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలున్నాయి. చూపించుకోవడానికి వెళ్లేవారు గోళ్లరంగు, గోరింటాకు లేకుండా వెళ్లాలి. గోరింటాకు కనీసం చేతి గోళ్లకు పెట్టకుండా కొన్ని నెలలు ఆగితే వైద్యుడికి అసలు రంగు కనిపిస్తుంది. ఫంగస్ పరీక్ష ఉందనుకుంటే పూతలూ మాత్రలూ కొన్ని వారాల ముందు నుంచి ఆపాలా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి, లేకపోతే ఉన్న ఫంగస్ కూడా నమూనాలో దొరకదు. జబ్బు చేతి గోళ్లకే ఉన్నా కాళ్లు కూడా చూపించాలి, చేసే పని ఏమిటో, రోజులో ఎన్ని గంటలు చేతులు నీళ్లలో ఉంటాయో అడగకపోయినా చెప్పాలి. మందు మొదలుపెట్టిన రోజు మడత దగ్గర గోటిపై చిన్న గీత గీసి ఫోటో తీసుకుంటే, మూడు నెలల తర్వాత ఆ గీత వెనుక వచ్చిన కొత్త గోరు బాగుందో లేదో చూసి మందు పనిచేస్తోందో లేదో చెప్పవచ్చు. గీతకు ముందున్న పాత గోరు ఎలా ఉన్నా దానితో పని లేదు.